కార్వెట్‌ని ట్రాక్‌కి మోసుకెళ్లే ఓపెన్ ట్రైలర్ ఎలా ఎంచుకున్నాను: నా అనుభవం

డాలస్ వైపు మనవాళ్లలో ట్రాక్ డేలకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజులకి) వెళ్లేవాళ్లు ఈమధ్య కాస్త పెరిగారు, వాళ్లలో ఎవరు కలిసినా కొన్నాళ్లకి వచ్చే ప్రశ్న ఒకటే, ట్రైలర్ ఏది కొనాలని. ఫోన్లో ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నాను. అందరూ ముందు అడిగేది "ఎంత బరువు మోస్తుంది" అని. మామూలు రెండు యాక్సిళ్ల ట్రైలర్ ఏదైనా మన కారుని మోసేస్తుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. చూడాల్సింది కారు కింద నేలకి ఎంత ఖాళీ ఉంది, లాగే బండి తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఏముంది అన్నవి. నా విషయంలో ట్రైలర్‌ని తేల్చింది ఆ రెండే.

నాది 2003 కార్వెట్ జెడ్06. పాత సీ5 (ఐదో తరం కార్వెట్) బాడీ, 405 హార్స్‌పవర్, బరువు 3,100 పౌండ్ల పైచిలుకు, ముక్కు పొడుగు, ఎత్తు బాగా తక్కువ. ఫ్రిస్కోలో ఉంటాం. క్రెసన్‌లో ఉన్న మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్ మాకు గంటన్నర దూరం, మొదట్లో కారు నడుపుకుంటూనే వెళ్లేవాణ్ణి. ట్రాక్ కోసం వేసిన బ్రేక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు ప్రతి సిగ్నల్ దగ్గరా కీచుమని అరుస్తాయి, పక్క కారులో పిల్లలు చెవులు మూసుకుంటారు, అది సర్దుకుపోవచ్చు. కానీ ట్రాక్ మీద ఉన్నంతసేపూ బుర్రలో ఒక మూల "ఇప్పుడు ఏదైనా విరిగితే ఇంటికెలా" అనే టెన్షన్ ఉంటుంది చూశారూ, అది ఉన్నప్పుడు బ్రేక్ ఆఖరి నిమిషంలో తొక్కడానికి కాలు రాదు. పైగా క్రెసన్ అంటే దగ్గర కాబట్టి సరే, ఆస్టిన్‌లో సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ మాకు దాదాపు 230 మైళ్లు, ఓక్లహోమాలో హాలెట్ ట్రాక్ ఇంకా దూరం. ఆగస్టు ఎండలో, గట్టి సస్పెన్షన్ మీద, రోజంతా ట్రాక్ మీద తిరిగి మళ్లీ అదే కారులో నాలుగు గంటలు వెనక్కి రావడం ఒకసారి చేస్తే ముచ్చట తీరిపోతుంది.

ఇంట్లో చెప్పినప్పుడు నాన్న వీడియో కాల్‌లో "కారుని మోయడానికి ఇంకో బండా? మరి కారెందుకురా?" అన్నారు. జవాబు చెప్పడం కష్టం. మా ఆవిడ మాత్రం "కొనుక్కో, కానీ ముందు అది ఎక్కడ పెడతావో చెప్పు" అంది, నాకు ఇప్పటికీ అదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. మన కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) వాళ్లు చెత్త డబ్బా ఓ పూట ఎక్కువ బయట ఉన్నా ఉత్తరం పంపిస్తారు, ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో పెట్టనిస్తారా? ఎక్కించుకోవడానికి, దించుకోవడానికి కాసేపు పెట్టుకోవచ్చు, అంతే. అందుకని ట్రైలర్ చూడకముందే స్టోరేజీ స్థలాలు చూశాను. డెక్, అంటే కారు నిలబడే చోటు, 18 అడుగులంటే ముందు ట్రక్కుకి తగిలించే నాలుక భాగంతో కలిపి దాదాపు 22 అడుగులు వస్తుంది, 20 అడుగుల స్లాటులో పట్టదు, 25 అడుగులది తీసుకోవాలి. అద్దె తేడా పెద్దగా లేదు గానీ చాలాచోట్ల ఆ సైజు ఖాళీ ఉండదు, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోవాలి.

నలువైపులా మూసి ఉండే ట్రైలర్ వద్దనుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. బాగుంటుంది, నిజమే. వాన పడదు, రాళ్లు తగలవు, పనిముట్లన్నీ లోపలే పెట్టి తాళం వేసుకోవచ్చు. కానీ ఖాళీదే మూడున్నర నాలుగు వేల పౌండ్లు తూగుతుంది, అంటే నా కారు కంటే బరువు. దానికి తోడు ఎదురుగాలి. టెక్సస్ మైదానాల్లో పక్కగాలి కొడితే ఆ పెట్టె మొత్తం తెరచాపే. నా ట్రక్కు పాత ఎఫ్-150, దానికి అంత శ్రమ పెట్టదలుచుకోలేదు.

ఇప్పుడు ఆ స్టిక్కర్ సంగతి. మనవాళ్లలో చాలామంది దగ్గర హైలాండరో పైలటో లాంటి ఎస్‌యూవీ ఉంటుంది. వాటి వీ6 మోడళ్లు కొన్ని 5,000 పౌండ్లు లాగుతాయని పుస్తకంలో ఉంటుంది, అది చూసి "కారు 3,100, ట్రైలర్ 1,800, ఇంకేం సరిపోయింది" అనుకుంటారు. కారులో పెట్రోలు, నాలుగు అదనపు చక్రాలు, జాక్, పనిముట్ల పెట్టె, నీళ్ల డబ్బాలు, పాప్అప్ టెంటు ఇవన్నీ ఎవరు లెక్కేస్తారు? సరే అవి కూడా పట్టాయనుకుందాం. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం లాగే బండి వెనక ట్రైలర్ తగిలించే హిచ్ మీద కూర్చోవాలి, దాన్నే టంగ్ వెయిట్ అంటారు. అంతకంటే తక్కువైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఆ కూర్చున్న బరువు మనుషుల బరువుతో, సామాను బరువుతో కలిసి లెక్కకొస్తుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద పసుపు రంగు స్టిక్కర్ కనబడుతుంది, మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని. నా ట్రక్కు మీద 1,560 పౌండ్లని ఉంది. ప్రకటనల్లో అదే ట్రక్కు తొమ్మిది పది వేల పౌండ్లు లాగుతుందని ఊదరగొడతారు, అక్కడిదాకా వెళ్లకముందే ఈ 1,560 అయిపోతుంది.

ఇంకో లేబుల్ ఉంది, దాన్ని వంగి చూడాలి కాబట్టి ఎవరూ చూడరు. హిచ్ దూర్చే గొట్టం, అంటే రిసీవర్ మీదే అంటించి ఉంటుంది. నాదాని మీద మామూలుగా తగిలిస్తే 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల టంగ్ వెయిట్ దాకానే అని, అంతకు మించితే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడాలని రాసి ఉంది. అది రెండు స్ప్రింగు కడ్డీలున్న సెటప్, వెనక చక్రాల మీద పడే బరువులో కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ పంచుతుంది. అది లేకపోతే ట్రక్కు వెనక కుంగి ముందు తేలిపోతుంది, స్టీరింగ్ తేలిగ్గా అయిపోతుంది, రాత్రి హెడ్‌లైట్లు ఎదురుగా వచ్చేవాళ్ల కళ్లల్లో కొడతాయి.

ఈ 5,000 గీత దగ్గరే అల్యూమినియమా స్టీలా అన్న చర్చ వచ్చింది. 18 అడుగుల స్టీలు ట్రైలర్ రెండు వేల పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది, అల్యూమినియం అయితే పదిహేను వందల చుట్టుపక్కల. ఆ తేడాతో నా మొత్తం సరిగ్గా గీత మీదికి వచ్చి కూర్చుంటుంది. ఊరిస్తుంది కదా? కానీ గీత మీద కూర్చోవడం అంటే ఓ కూలర్ ఎక్కువైతే గీత దాటడమే, ఎలాగూ ఆ హిచ్ కొనాల్సిందే. ఇక ధర చూస్తే నేను వెతికిన రోజుల్లో కొత్త స్టీలుది ఐదున్నర వేల డాలర్లు చెబితే అల్యూమినియంది పదివేల దాకా పలికింది. అల్యూమినియం తుప్పు పట్టదంటారు. ఒహాయోలోనో మిషిగన్‌లోనో ఉంటే నేనూ అదే కొనేవాణ్ణి, అక్కడ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు స్టీలుని తినేస్తుంది. డాలస్‌లో మంచు పడేదే ఏడాదికి రెండు మూడు రోజులు, ఆ రోజుల్లో ట్రాక్‌కి ఎవరు వెళ్తారు? స్టీలుకే ఓటేశాను, మిగిలిన డబ్బుతో టైర్లు వస్తాయి.

పొడుగు విషయంలో 16 అడుగులా 18 అడుగులా అని కొన్నాళ్లు ఊగాను. కార్వెట్ పొడుగు దాదాపు 15 అడుగులు, 16లో పడుతుంది. పట్టడం వేరు, ముందుకీ వెనక్కీ జరుపుకోవడానికి చోటుండటం వేరు. టంగ్ వెయిట్‌ని సరిచేసేది కారుని ఆరంగుళాలు ముందుకో వెనక్కో జరపడం ద్వారానే. పదహారు అడుగుల దాని మీద కారు ఎక్కడ ఆగితే అక్కడే, ఇంక మార్చేదేం లేదు, టైర్ల రాక్ పెట్టుకోవడానికి ముందు చోటూ ఉండదు. 20 అడుగులు నాకు అనవసరం.

ఇక రాంపులు. ఈ ఒక్క విషయం మీద నేను పెట్టినంత సమయం మిగతా అన్నిటి మీదా కలిపి పెట్టలేదేమో. రెండు యాక్సిళ్ల ట్రైలర్ డెక్ నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంటుంది. వెనక భాగం కాస్త కిందికి వాలి ఉండే రకాన్ని డవ్‌టెయిల్ అంటారు, దానితో వెనక అంచు ఓ నాలుగంగుళాలు దిగుతుంది. అంటే 20 అంగుళాలు ఎక్కాలి. ట్రైలర్‌తో వచ్చే రాంపులు మామూలుగా ఐదడుగులవి, లెక్క వేస్తే వాలు 19 డిగ్రీలు పైనే వస్తుంది. పికప్‌కి, జీపుకి అది సమస్యే కాదు. సీ5 ముక్కు కింద నల్ల రబ్బరు పట్టీ ఒకటి వేలాడుతూ ఉంటుంది, అది నేలకి రాసుకోవడానికే పెట్టారని అందరూ అంటారు, నిజమే, కానీ దాని పైనున్న బంపర్ రాసుకోవడానికి పెట్టింది కాదు. ఎనిమిది అడుగుల రాంప్ అయితే అదే ఎత్తుకి వాలు 12 డిగ్రీలకి దిగుతుంది. అంత పొడుగు రాంపుల్ని పెట్టడానికి చోటు కావాలి, స్టీలువి అయితే ఎత్తి పెట్టడానికి నడుము కూడా కావాలి.

డెక్ మొత్తం వెనక్కి వంగే టిల్ట్ ట్రైలర్లు కూడా చూశాను. రాంపుల గొడవే లేదు, చాలా హాయి. బరువు, ధర రెండూ ఎక్కువే, పాతవి అమ్మకానికి రావడం అరుదు. డబ్బు చూసుకోనవసరం లేని వాళ్లకి నా సలహా అదే.

నేను చివరికి తేల్చుకున్నది డవ్‌టెయిల్, ఐదడుగుల స్టీలు రాంపులు, వాటి మొదట్లో వేసుకోవడానికి చెక్క పలకలు. హార్డ్‌వేర్ షాపులో రెండంగుళాల మందం, పన్నెండు అంగుళాల వెడల్పు పలకలు దొరుకుతాయి. మూడు ముక్కలు కోసి మెట్లు మెట్లుగా ఒకదాని మీద ఒకటి పెట్టి మరలు బిగిస్తే సరి. ఇది పనిచేసే కిటుకు ఏంటంటే, ముందు చక్రం మొదట చెక్క మీదికి ఎక్కి ముక్కుని పైకి లేపుతుంది, ముక్కు రాంపు వాలుని చేరే సమయానికి అప్పటికే ఎత్తులో ఉంటుంది. దానికి తోడు ట్రక్కుకి తగిలించే ఉంచి, ముందు జాక్‌ని కాస్త పైకి తిప్పితే ట్రైలర్ వెనక భాగం ఇంకో అంగుళమో రెండంగుళాలో దిగుతుంది. ట్రైలర్ వెనక నేల కొంచెం ఎత్తుగా ఉండే చోటు చూసి ఆపితే ఇంకా సుఖం. ట్రక్కు నుంచి విప్పేసి మాత్రం కారు ఎక్కించకూడదు, వెనక చివర బరువు పడగానే ముందు నాలుక గాల్లోకి లేస్తుంది. రాంపుల్ని ట్రైలర్‌కి ఓ స్ట్రాప్‌తో కట్టాలి కూడా, వెనక చక్రాలు తోసేటప్పుడు అవి వెనక్కి జారిపోతాయి.

డవ్‌టెయిల్ మరీ వాలుగా ఉన్నా చిక్కే. ముక్కు దాటాక పొట్ట తగులుతుంది. ఓ ట్రైలర్ అందుకే వదిలేశాను, మిగతా అన్నీ బాగున్నాయి, కానీ వాలు మొదలయ్యే చోట మడత ఎంత పదునుగా ఉందంటే నాలుగడుగుల లెవెల్ పట్టీ పెట్టి చూస్తేనే తెలిసిపోయింది.

తలుపు సంగతి ఎక్కించాక గానీ గుర్తు రాదు. ట్రైలర్ చక్రాల మీదుండే రెండు ఫెండర్ల (మడ్‌గార్డుల) మధ్య వెడల్పు మామూలుగా 82, 83 అంగుళాలు. రోడ్డు మీద మొత్తం వెడల్పు 102 అంగుళాలు మించకూడదు కాబట్టి తయారీదార్లు అంతకంటే ఇవ్వలేరు. కార్వెట్ వెడల్పు 73న్నర అంగుళాల పైన. అటూ ఇటూ నాలుగంగుళాలు, అంతే. కారు ఎక్కించి ఇంజిన్ ఆపి తలుపు తీద్దామంటే తలుపు కింది అంచు ఫెండర్‌కి కొడుతుంది. మియాటా లాంటి చిన్న కారు వాళ్లు, సన్నగా ఉన్నవాళ్లు కిటికీలోంచి పాక్కుంటూ వచ్చేస్తారు. నాకు నలభై దాటాయి, పెరుగన్నం పొట్ట ఒకటి, జెడ్06కి టాప్ తీసే సౌకర్యం కూడా లేదు. అందుకని ఎడమ ఫెండర్ పిన్నులు లాగితే ఊడి వచ్చే రకం కావాలని గట్టిగా అనుకున్నాను. కొత్తవాటిలో అడిగితే ఇస్తారు, పాతవాటిలో అది ఉన్నది దొరకాలంటే ఓపిక పట్టాలి. వెతుకులాట అంతసేపు సాగింది ప్రధానంగా ఈ ఒక్క ఫెండర్ కోసమే.

డెక్ విషయంలో చెక్క తీసుకున్నాను. డైమండ్ ప్లేట్ స్టీలు చూడ్డానికి బాగుంటుంది, వానలో అరిగిన టైర్లతో దాని మీదికి ఎక్కితే జారుతుంది, ఎండలో పెనమే. చెక్క పదేళ్లకి పాడైతే పలకలు మార్చుకోవచ్చు.

బ్రేకుల విషయంలో మాత్రం రాజీ లేదు. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే ట్రైలర్‌కి బ్రేకులు ఉండి తీరాలి. చాలా చవక ట్రైలర్లకి ఒక్క యాక్సిల్‌కే ఎలక్ట్రిక్ బ్రేకులుంటాయి, రెంటికీ ఉన్నది చూడండి. ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ కావాలి, మనం ఎంత గట్టిగా బ్రేక్ తొక్కితే దానికి తగ్గట్టు ట్రైలర్‌కి కరెంటు పంపే రకం. నేను టెకోన్షా ప్రాడిజీ పీ3 పెట్టించుకున్నాను. సెట్ చేయడం తేలిక, ఖాళీ రోడ్డు మీద పాతిక మైళ్ల వేగంలో వెళ్తూ దాని మీదున్న మీట నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి, చక్రాలు బిగుసుకునే ముందు దాకా పెంచుకుని అక్కడ ఆపాలి.

నాకు దొరికిన ట్రైలర్ వెదర్‌ఫోర్డ్ దాటాక ఓ పల్లెటూళ్లో ఉంది. అంతకు ముందు ఒకాయన "టైటిల్ (యాజమాన్య పత్రం) లేదు గానీ అమ్మినట్టు కాగితం రాసిస్తా" అన్నాడు, ధర ఎంత తక్కువైనా సరే అలాంటిచోట నిలబడకూడదు. ట్రైలర్లు ఇక్కడ తెగ దొంగతనం అవుతాయి. వెదర్‌ఫోర్డ్ ఆయన పెద్దాయన, గడ్డి మోపులు, పాత ట్రాక్టర్లు మోసేవాడట, టైటిల్ తీసి ముందే బల్ల మీద పెట్టాడు. ఫ్రేమ్ మీద కొట్టిన వీఐఎన్ (బండి గుర్తింపు) నంబరు, టైటిల్ మీద నంబరు ఒక్కో అంకె వేలితో చూపిస్తూ చదివి చూసుకున్నాను. తర్వాత చాపేసుకుని కిందికి దూరాను. నాతో వచ్చిన ఫ్రెండు, ఎమ్మెస్ రోజుల రూమ్మేటు, "రేయ్, ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంతసేపు చూడలేదురా నువ్వు" అన్నాడు.

కింద చూడాల్సింది అడ్డ కడ్డీలు ఫ్రేమ్‌కి అతికే చోట వెల్డింగ్ పగుళ్లున్నాయా, నాలుక రెండు కడ్డీలు కలిసే మూల దగ్గర వంకర ఉందా, ఎక్కడైనా కొత్త రంగు అతి ఉత్సాహంగా పూశారా అని. స్ప్రింగుల మధ్య ఉండే కదిలే ముక్క, దాని బోల్టుల రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి అరిగిపోయాయా అన్నది చూడాలి. ప్రతి చక్రాన్నీ జాక్ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపాను. ఒకటి లొడలొడమంది, బేరింగ్ వదులు. తిప్పి చూస్తే గరగరా శబ్దం లేదు, బిగిస్తే పోయేదే. బ్రేక్‌అవే స్విచ్ పిన్ను లాగాను, ట్రైలర్ ఊడిపోతే దానంతట అదే బ్రేకులు పడేలా చేసేది అది. ఏమీ జరగలేదు, చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. టైర్ల మీద గాడులు కొత్తవాటిలా ఉన్నాయి, పెద్దాయన వాటిని గర్వంగా చూపించాడు కూడా. పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూస్తే 1816, అంటే 2016లో పద్దెనిమిదో వారంలో తయారైనవి. ట్రైలర్ టైర్లు అరిగి పోవు, ఎండకి ఎండి పోతాయి. ఐదారేళ్లు దాటాక టెక్సస్ ఎండలో వంద డిగ్రీల రోజున హైవే మీద పొట్ట పగిలిపోతాయి, పగిలేటప్పుడు ఫెండర్‌ని చింపుకుంటూ పోతాయి. వెల్డింగు శుభ్రంగా ఉంది, ఎడమ ఫెండర్ ఊడి వస్తుంది, రెండు యాక్సిళ్లకీ బ్రేకులున్నాయి. టైర్లు, బ్యాటరీ, బేరింగ్ చూపించి బేరమాడాను. 4,400 చెప్పినాయన 3,900కి దిగాడు, రెండు పాత గొలుసులు కూడా ఉంచుకోమన్నాడు.

టైర్లు వెంటనే మార్చాను. వచ్చిన సైజు ఎస్‌టీ205/75ఆర్15, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే తరగతి) సీ. అదే సైజులో డీ వేయించాను, ఒక్కోటి 50 పీఎస్‌ఐ గాలి ప్రెషర్‌లో 1,820 పౌండ్లు మోసేది పోయి 65 పీఎస్‌ఐలో 2,150 మోసేది వచ్చింది. రిమ్ములు ఆ ప్రెషర్‌కి తట్టుకుంటాయో లేదో రిమ్ము వెనక అచ్చు చూసుకోవాలి. నాలుగూ కలిపి ఐదు వందల డాలర్ల లోపే. బేరింగులన్నీ విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టాం, ఓ శనివారం పోయింది, గోళ్లల్లో నలుపు వారం ఉంది.

కారు ఎక్కించి మొదట చేసిన పని ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ మీదికి తీసుకెళ్లడం. పెద్ద లారీలు తూచే కాటా అది, ముందు చక్రాలు, వెనక చక్రాలు, ట్రైలర్ చక్రాలు విడివిడిగా తూచి కాగితం ఇస్తుంది. ముందు ట్రక్కు ఒక్కదాన్నీ తూచాను, 5,180 పౌండ్లు. తర్వాత ట్రైలర్‌తో, హిచ్ కడ్డీలు బిగించకుండా: ట్రక్కు చక్రాల మీద 5,840, ట్రైలర్ చక్రాల మీద 4,860. అంటే హిచ్ మీద కూర్చున్నది 660. ట్రైలర్ మొత్తం 5,520, అందులో 660 అంటే 12 శాతం. సరిగ్గా మధ్యలో పడింది. అక్కడే చాక్‌పీసుతో ముందు చక్రం ఆగిన చోట డెక్ మీద గీత గీసి, ఇంటికొచ్చాక ఆ గీత దగ్గర ఓ చెక్క దిమ్మ బోల్టు వేసేశాను, ఇప్పుడు చక్రం దానికి తగిలిందంటే కారు ఉండాల్సిన చోటే ఉన్నట్టు. పసుపు స్టిక్కర్ లెక్క చూస్తే 1,560లో 660 ఇది, మేమిద్దరం, ట్రక్కు వెనక పెట్టే సామాను, హిచ్ సెటప్ బరువు పోను ఇంకా మూడొందల పౌండ్ల పైన మిగిలింది. స్టిక్కర్ మీద 1,100 ఉన్న బండి అయితే ఇదే ట్రైలర్, ఇదే కారు కుదరవు.

కట్టడానికి రెండంగుళాల వెడల్పు రాచెట్ స్ట్రాపులు నాలుగు, ఒక్కోటి వాడకంలో 3,333 పౌండ్లు తట్టుకునేవి. సీ5 ఫ్రేమ్ కింద కొక్కేలు తగిలించడానికి పొడుగు రంధ్రాలున్నాయి గానీ అంత కిందికి చెయ్యి దూర్చడం ప్రతిసారీ నరకం, కాబట్టి చక్రాల మీదుగా వేసే స్ట్రాపులకి మారాను. చక్రం కదలదు, కారు దాని సస్పెన్షన్ మీద అది ఊగుతుంది, స్ట్రాపు వదులవదు. అయినా బయల్దేరిన పదిహేను ఇరవై మైళ్లకి ఆగి మళ్లీ బిగిస్తాను. ఆగినప్పుడే నాలుగు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూస్తాను, మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలిపోతుంటే అక్కడ బేరింగో బ్రేకో పట్టేసినట్టు.

నడపడం భయపడినంత లేదు. రివర్సు మాత్రం నేర్చుకోవాలి. స్టీరింగ్‌కి అడుగున చెయ్యి పెట్టి పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక భాగం అటు పోతుంది, ఆదివారం పొద్దున్నే ఖాళీ ఆఫీసు పార్కింగ్‌లో ఇది సాధన చేశాను. హైవే మీద నా వేగం 65. ఎస్‌టీ టైర్లలో చాలావాటికి వేగం సంగతి విడిగా అచ్చు లేకపోతే పరిమితి అదే. ఆస్టిన్ పక్కన 130 టోల్ రోడ్డు మీద స్పీడ్ లిమిట్ 80, ఇంకా కిందికి పోతే 85, అక్కడ కుడి లేనులో 65తో పోతుంటే అందరూ కోపంగా దాటుకుంటూ వెళ్తారు, దాటేవాళ్లలో సగం మంది తల తిప్పి కార్వెట్‌ని చూసి బొటనవేలు పైకెత్తుతారు కూడా. మైలేజీ గ్యాలన్‌కి 20 ఇచ్చే ట్రక్కు 12 ఇస్తోంది.

ఇంకా కొనాల్సింది వించ్, అంటే కారుని తాడుతో లాగి ఎక్కించే యంత్రం. మా రూమ్మేటు కారుకి హాలెట్‌లో క్లచ్ పోయినప్పుడు ఆరుగురం కలిసి రాంపు మీదికి తోశాం, సగం దాకా ఎక్కి వెనక్కి జారబోతుంటే ఎవరో చక్రం కింద చెక్క దిమ్మ పెట్టబట్టి సరిపోయింది. డెక్ ముందు భాగంలో పలక వెల్డింగ్ చేయించి బ్యాటరీ వించ్ పెట్టిస్తాను, ఇరవై ముప్పై కిలోలు ముందు పెరుగుతాయి కాబట్టి మళ్లీ కాటా మీదికి వెళ్లి చెక్క దిమ్మని వెనక్కి జరుపుకోవాలి. స్పేర్ టైరు, దాని రిమ్ముకి సరిపోయే సాకెట్ ట్రక్కులోనే ఉంచుకోండి, ట్రక్కు నట్లకి వచ్చే సాకెట్ ట్రైలర్ నట్లకి రాదు. స్టోరేజీలో పెట్టేటప్పుడు ముందు ట్రక్కుకి తగులుకునే కప్లర్‌కి తాళం, చక్రానికి ఇంకో తాళం, ఫ్రేమ్ లోపల ఓ ట్రాకర్ దాచాను. ట్రైలర్ వెనకుండగా దేన్నైనా గుద్దితే ఎదుటివాళ్ల నష్టం మామూలుగా ట్రక్కు ఇన్సూరెన్సు చూసుకుంటుంది, ట్రైలర్ పోతే మాత్రం విడిగా రాయించుకుంటేనే డబ్బులొస్తాయి. ఏడాదికి కట్టేది చాలా తక్కువ, ఏజెంట్‌కి ఫోన్ చేసేటప్పుడు వీఐఎన్ దగ్గర పెట్టుకోండి.